పెరట్లో మైనం పొయ్యి

బాతిక్ నైటీ అమ్మని బట్టల కొట్టు ఇప్పుడు మా బందరులో లేదు. మొన్న ఒకటి తీసి వెలుతురుకి పట్టుకుని చూశాను. ముదురెరుపు మీద సన్నటి నల్ల పగుళ్ళు. అందులో ఒక పగులు వంకర తిరిగి, మూడు పాయలై, పువ్వు రేకు అంచున ఆగిపోయింది. జానెడు కిందికి వచ్చేసరికి మళ్ళీ అదే వంకర, అవే మూడు పాయలు, అదే రేకు. ఇంకో జానెడు దిగితే మళ్ళీ అంతే. అసలు బాతిక్‌లో రంగు చొరకుండా గుడ్డకి మైనం పట్టిస్తారు, మైనం పగిలిన చోట రంగు దిగి ఇలాంటి గీతలు పడతాయి. చేత్తో నలిపిన మైనం ఒకసారి పగిలినట్టు మరోసారి పగలదు. ఇది మిల్లులో అచ్చుపడ్డ పగులు.

"మైనం పెట్టి చేసిన గుడ్డ ఏమన్నా ఉందా బాబూ?" అని అడిగాను. కొట్లో కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "మైనం అంటే కొవ్వొత్తులాండీ? అవి ఎదురు కొట్లో" అన్నాడు.

అతన్ని అనడానికేం లేదు. ఆ పని ఆగిపోయేనాటికి అతను పుట్టి ఉండడు. మా వీధిలో ఒకప్పుడు మూడు పెరళ్ళలో మైనం కరిగేది. ఏ పెరట్లో ఏ రోజు పొయ్యి ఆరిందో ఆ ఇంటివాళ్ళకే గుర్తు లేదు. రేడియో ఆగిపోయిన రోజు చెప్పగలరు, ఉత్తరాలు మానేసిన ఏడాది చెప్పగలరు. దీన్ని మాత్రం మానేశామని కూడా ఎవరూ అనుకోలేదు. "చెయ్యాలి, చెయ్యాలి" అనుకుంటూనే ఉండిపోయారు.

* * *

మా ఇంట్లో మైనం పని మా పిన్నిది. మద్రాసులో కొన్నాళ్ళుండి వచ్చిన పక్కింటి వదినగారి దగ్గర నేర్చుకుంది. ఆవిడ అక్కడ ఏదో క్లాసుకి వెళ్ళి నేర్చుకున్నారట. కుట్లు, అల్లికలు, ఊలు స్వెట్టర్లు అప్పటికే అందరికీ వచ్చు. బాతిక్ కొత్త. అది వచ్చినవాళ్ళకి వీధిలో ఒక హోదా ఉండేది.

పెరట్లో నూతిగట్టు పక్కన రేకుల వసారా. అందులో వత్తుల కిరసనాయిలు స్టవ్వు, దాని మీద నీళ్ళు పోసిన సత్తు గిన్నె, ఆ నీళ్ళలో డాల్డా డబ్బా, డబ్బాలో మైనం. నేరుగా మంట మీద పెట్టకూడదు. పెడితే ముందు పొగ, తరువాత మంట. ఒకసారి తొందరపడి అలా పెడితే డబ్బా నిజంగానే అంటుకుంది. నేను చెంబుతో నీళ్ళు తేబోయాను. బాబాయి పరుగున వచ్చి నన్ను పక్కకి నెట్టి, డబ్బా మీద మూత బోర్లించాడు. మండే మైనం మీద నీళ్ళు పోస్తే ఇల్లే అంటుకుంటుందని ఆయన కోపంగా చెప్పిన మాట ఇప్పటికీ వంటింట్లో నూనె మూకుడు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

మైనాలు రెండు. పలకలుగా అమ్మే తెల్లటి పారఫిన్ ఒకటి, తేనె అమ్మేవాళ్ళు తెచ్చే పచ్చటి ముద్ద ఒకటి. పారఫిన్ పెళుసు, నలిపితే విరుగుతుంది. తేనె మైనం జిగురు, గుడ్డని వదలదు. రెంటినీ ఏ పాళ్ళలో కలపాలన్నదే పనితనం. బొమ్మ ముఖం, చేతులు రంగు చొరకుండా శుభ్రంగా ఉండాలి కాబట్టి అక్కడ తేనె మైనం ఎక్కువ. వెనక నేపథ్యం పగుళ్ళతో నిండాలి కాబట్టి అక్కడ పారఫిన్ ఎక్కువ. మధ్యలో కాస్త గుగ్గిలం పొడి. పిన్ని ఎప్పుడూ తూచింది లేదు. గరిటెతో తీసి పెంకు మీద ఒక చుక్క వేసి, చల్లారాక గోటితో గీరి చూసేది. "ఇంకొంచెం తేనెది వెయ్యి" అనేది.

గీతలకి చాంటింగ్ అనే పనిముట్టు ఉండేది. వెదురు పిడి, దాని చివర చిటికెన వేలంత రాగి గిన్నె, గిన్నెకి సన్నటి ముక్కు. జావా వాళ్ళ సాధనం. మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? చిలకలపూడిలో గిల్టు నగలు చేసే ఒకాయనకి పిన్ని బొమ్మ గీసి చూపించింది. జూకాలకి బుట్టలు చేసే చెయ్యి అది. రెండు రకాల ముక్కులతో చేసిచ్చాడు. వీధిలో తక్కినవాళ్ళు కూడా ఆయన దగ్గరికే వెళ్ళారు. ఆ నెల ఆయన జూకాలకంటే వీటినే ఎక్కువ చేశాడని బాబాయి ఎగతాళి చేసేవాడు.

వెడల్పు చోట్లకి గట్టి వెంట్రుకల కుంచె. మామూలు కుంచెలు వేడికి ముడుచుకుపోయేవి. పాప్లిన్ గుడ్డని ముందే ఉడికించి గంజి పోగొట్టి, పెన్సిలుతో బొమ్మ గీసి, చెక్క చట్రానికి బిగించేది పిన్ని. చాంటింగ్ ముంచి, కారే చుక్కని పట్టడానికి ఎడమ చేత్తో కింద కాగితం ముక్క ఆనించి, బొమ్మ దాకా తెచ్చేది. అయినా దారిలో ఎక్కడో ఒక చుక్క పడేది. పడ్డ మైనాన్ని తీయడం కుదరదు. గీకినా గుడ్డలో మరక ఉంటుంది, అక్కడ రంగు పట్టదు. అందుకని పిన్ని చేసిన ప్రతి బొమ్మలో, నాట్యగత్తె పక్కనైనా సరే, ఏదో ఒక పిట్టో నక్షత్రమో ఉండేది. చూసినవాళ్ళు అదంతా భావుకత అనుకునేవారు.

నాకు అప్పగించిన పని ఒక్కటే. చట్రం వెనక్కి వెళ్ళి కూర్చుని చూడటం. మైనం సరైన వేడిలో పడితే గుడ్డ నూనె కాగితంలా మెరుస్తుంది, వెనక వైపుకీ అదే గీత కనిపిస్తుంది. చల్లారిన మైనం పైపైన తెల్లగా పేరుకుంటుంది, వెనక ఏమీ ఉండదు. అప్పుడు రంగు వెనక నుంచి దొంగదారిన లోపలికి వస్తుంది. "దిగిందా?" అని అటునుంచి పిన్ని, "దిగింది" అనో "చెవి దగ్గర దిగలేదు" అనో ఇటునుంచి నేను. దిగని చోట వెనక నుంచి మరోసారి వెయ్యాలి. చాంటింగ్ ముక్కు పూడుకుపోతే పిన్ని నోటితో ఉఫ్ అని ఊదేది. మధ్యాహ్నం మూడింటికి వీధి అంతా నిద్రపోతుంటే మా వసారాలో వినిపించేవి ఇవే.

* * *

రంగు వేసే రోజు ఆదివారం. ఆ రోజు చుట్టాలొస్తే పిన్నికి నచ్చేది కాదు, మొహం మీద కనిపించేది కూడా.

బెజవాడ వన్‌టౌన్‌లో రంగుల కొట్టు నుంచి పొట్లాలు వచ్చేవి. ఒక పొడి పేరు నాఫ్తాల్, రెండోదాన్ని సాల్టు అనేవారు. నాఫ్తాల్‌ని టర్కీ రెడ్ ఆయిల్‌తో ముద్ద చేసి, కాస్టిక్ సోడా వేసి, మరిగే నీళ్ళలో కరిగించి చల్లార్చాలి. గుడ్డని అందులో ముంచి తీస్తే చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు, మహా అయితే పసుపు ఛాయ. నీరు కారిపోయాక రెండో తొట్టిలోని సాల్టు నీళ్ళలో వెయ్యాలి. వేసీ వెయ్యగానే ఎరుపు పుట్టుకొచ్చేది. ఆ క్షణం కోసం వీధిలో పిల్లలందరం తొట్టి చుట్టూ చేరేవాళ్ళం. పొట్లం మారిస్తే నారింజ, మెరూన్, గోధుమ రంగు, నలుపు. ఆకుపచ్చ మాత్రం ఎప్పుడూ సరిగా కుదిరేది కాదు. అందుకే ఆనాటి బాతిక్ బొమ్మల్లో చెట్లు కూడా గోధుమ రంగులో ఉండేవి.

లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత. తెల్లగా ఉండాల్సిన చోట మైనం వేసి పసుపులో ముంచాలి. పసుపుగా ఉండాల్సిన చోట మైనం వేసి ఎరుపులో ముంచాలి. ఆఖరికి గుడ్డంతా మైనం కప్పేసి, పగలగొట్టి, నలుపులో ముంచాలి. వెనక్కి నడిచే వీలు లేదు. ఏ రంగు ఎక్కడ అన్నది మొదటి గీత గీసే ముందే పిన్ని తలలో ఉండాలి.

పగుళ్ళకి వేళ కూడా ముఖ్యం. పౌషమాసం తెల్లవారుజామున నూతి నీళ్ళలో ముంచి తీసిన గుడ్డని రెండు గుప్పిళ్ళతో నలిపితే పటపటమని విరిగేది. అదే మే నెలలో మైనం మెత్తబడి, ఎంత నలిపినా ముడతలు పడేదే గాని చీలేది కాదు. ఫ్రిజ్ ఉన్న ఇల్లు వీధి చివర ఒకటుండేది. ఆ ఇంటి గృహిణి బాతిక్‌లో మాత్రం వేసవిలో కూడా చక్కటి పగుళ్ళుండేవి. ఆ రహస్యం పనిమనిషి ద్వారా అందరికీ తెలిసింది.

చివర్లో గుండిగలో నీళ్ళు, చాకలి సోడా, సబ్బు ముక్కలు వేసి మరిగించేవారు. కర్రతో తిప్పుతుంటే మైనం పైకి తేలేది. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి నీటి మీద బిళ్ళగా గడ్డకట్టేది. దాన్ని తీసి దాచి మళ్ళీ వాడుకోవాలి. గుడ్డలో మిగిలిన జిడ్డుకి పాత ఆంధ్రపత్రిక కాగితాల మధ్య పెట్టి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దేవారు. కాగితం మైనం పీల్చుకుని అటువైపు అక్షరాలు కూడా కనిపించేంత పారదర్శకమయ్యేది. నేను ఒకే కాగితంలో రెండు పేజీల వార్తలు కలిపి చదివి నవ్వుకునేదాన్ని.

* * *

పెడన నుంచి ఒక పెద్దాయన బాబాయి దగ్గరికి లెక్కలు రాయించుకోవడానికి వచ్చేవాడు. కలంకారీ అద్దకం పనివాళ్ళ కుటుంబం. ఒకరోజు పెరట్లోకి తొంగిచూసి నవ్వాడు. "మైనమా అమ్మా! మా పెద్దాళ్ళు వదిలేసిన పని మీరు మొదలెట్టారా?"

పిన్ని ఉలిక్కిపడింది. ఇది జావా పని కదా అంది. ఆయన అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఎరుపుకి, నలుపుకి మైనం అక్కర్లేదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం పులిసిన నీళ్ళతో గీస్తే నలుపు. పటిక అద్ది చిరివేరుతో ఉడికిస్తే పటిక ఉన్న చోటే ఎరుపు. రంగు ఎక్కడ పట్టాలో పటిక చెబుతుంది. కానీ నీలిమందు అలా మాట వినదు. కుండలోంచి తీసి గాలి తగిలితే గుడ్డలోకి దిగేలోపే మారిపోతుంది, అందుకని కలంతో గీయడం కష్టం. గుడ్డనే కుండలో ముంచాలి. ముంచితే అంతా నీలమైపోతుంది. కాబట్టి నీలం అక్కర్లేని చోటంతా మైనం కప్పాలి. ఒక మంచం దుప్పటి మీద నాలుగు నీలిపూలు కావాలంటే, ఆ నాలుగు పూలు తప్ప దుప్పటంతా మైనమే.

"మైనం పెట్టిన గుడ్డ మా ఇంట్లో ముంచేది కాదు, నీలి వాళ్ళింటికి వెళ్ళేది. ఆ కుండలు వాళ్ళవి. సున్నం, చవుడు మన్ను, తగిరిస గింజలు ఉడకేసి పులియబెట్టేవాళ్ళు. ఆ కంపు వీధంతా." తాను చూడలేదని, తాత చెప్పాడని కూడా చెప్పాడు. గుడ్డ కుండలోంచి ఆకుపచ్చగా వచ్చి గాలిలో నీలమయ్యేదట.

చాలా ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను, ఆయన మాటలో తప్పేమీ లేదని. 1734 ప్రాంతంలో బొల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో కూర్చుని మన తీరపు రంగుల అద్దకాన్ని అంచెలంచెలుగా రాసుకుని, ప్రతి అంచెకీ ఒక గుడ్డ ముక్క కత్తిరించి అంటించుకున్నాడు. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్‌లో ఉన్నాయి. 1742లో కూర్డూ అనే జెస్యూట్ మతగురువు ఇదే విషయం ఉత్తరంలో రాశాడు. ఎర్రటి పువ్వు రేకుల్లో వెంట్రుకంత తెల్ల గీతలు కావాలంటే పటిక అద్దే ముందే వాటిని మైనంతో గీసేవారట. ఉడికేటప్పుడు మైనం కరిగిపోయినా ఫరవాలేదు, పటిక చేరని చోట ఎరుపు పట్టదు. గీసే కలం ఇనుపది, మైనాన్ని పట్టి ఉంచడానికి దాని మధ్యలో వెంట్రుకల ఉండ. మైనం వేసిన గుడ్డని ఎండలో పెట్టి కాస్త మెత్తబరిచి అవతలి వైపుకి దిగేలా చేసేవారట. ఆ వాక్యం చదివినప్పుడు చట్రం వెనక కూర్చున్న నా పని ఎంత పాతదో తెలిసింది.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో కొట్లు పెట్టారు. ఇక్కడి గుడ్డలు పట్టుకెళ్ళి తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలకి మారకం వేసేవారు. ఐరోపాలో ఆడవాళ్ళు ఎగబడి కొంటుంటే అక్కడి నేతగాళ్ళు గోల చేశారు. ఫ్రాన్సు 1686లోనే నిషేధించింది, ఇంగ్లండు 1721 నాటికి కట్టుకోవడం కూడా నేరం చేసింది. జావాలోనూ మన తీరపు పూల గుడ్డల నమూనాలు బాతిక్‌లో కలిశాయి. వాళ్ళకి మనమే నేర్పామని చంకలు గుద్దుకోవడం నాకు నచ్చదు. వాళ్ళ సన్నదనం వాళ్ళది, రాగి ముక్కుతో చుక్క చుక్క పెట్టే ఆ ఓర్పు మన కలంకారీలో లేదు. పూలు మాత్రం ఇటునుంచి కూడా వెళ్ళాయి.

తరువాత ఇక్కడ పని తగ్గింది. 1864 నవంబరులో ఉప్పెన వచ్చి బందరులోనూ చుట్టుపక్కలా ముప్ఫై వేల మంది దాకా పోయారు. ఊరు కోలుకునేలోపే, 1868లో జర్మన్లు చిరివేరు ఎరుపుని కుప్పెల్లో తయారు చేశారు, 1897లో నీలిమందుని ఫ్యాక్టరీ నుంచి అమ్మారు. ఇసుక నేలల్లో వేళ్ళు తవ్వుకునేవాళ్ళకి పని పోయింది. పులిసిన కుండల కంపు కూడా పోయింది. ఇప్పుడు పెడనలో నీలం చాలావరకు అచ్చుతోనో, స్క్రీనుతోనో నేరుగా గుడ్డ మీద పడుతుంది. మైనంతో పని లేదు.

మరి మా పిన్ని దాకా మైనం ఎలా వచ్చింది? 1927లో రవీంద్రనాథ్ ఠాగూర్ జావా వెళ్ళినప్పుడు చిత్రకారుడు సురేంద్రనాథ్ కర్ కూడా వెళ్ళాడు. ఆ యాత్ర తరువాత శాంతినికేతన్‌లో బాతిక్ ఊపందుకుంది. అక్కడి నుంచి ఊళ్ళ కళాశాలలకి, మహిళా మండళ్ళకి పాకింది. 1966లో మద్రాసు దగ్గర చిత్రకారుడు పణిక్కర్ ఆధ్వర్యంలో చోళమండలం చిత్రకారులు తమ ఊరు కట్టుకున్నప్పుడు బాతిక్ అమ్మిన డబ్బు అక్కరకొచ్చింది. పక్కింటి వదినగారి క్లాసుకి ఆ గాలి తగిలే ఉంటుంది. అలా సముద్రం దాటి, బెంగాలు చుట్టి, మద్రాసు మీదుగా మైనం మళ్ళీ బందరు చేరింది, అదీ జావా కళ అన్న పేరుతో. అరుగు మీద కూర్చున్న పెడన పెద్దాయనకి ఇదంతా తెలియదు. నవ్వు మాత్రం వచ్చింది.

* * *

మా పెరళ్ళలో మైనం కరిగిన ఆ పదేళ్ళూ ఊళ్ళో ప్రతి ముందుగదిలో ఒక బాతిక్ వేలాడేది. బుద్ధుడి తల, వినాయకుడు, వీణ, కుండ మోసే పిల్ల. పెళ్ళిళ్ళకి కానుకలు అవే. ఒకే పెళ్ళికి మూడు బుద్ధుళ్ళు రావడం నేను చూశాను. నిజం చెప్పాలంటే వాటిలో చాలావాటికి అందం తక్కువ. పిన్నివి కూడా కొన్ని మొహాలు వాచినట్టుండేవి. బాతిక్ పోయిందని ఏడ్చేవాళ్ళు ఆ గోడబొమ్మల్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

చీరలు వేరు. చీర పొడవునా కొంగు దాకా పిన్ని గీసిన తీగలు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి, రంగు వెలవలేదు. చీరలతోనే ఆవిడ కుట్టుమిషను కొంది, మా చెల్లెలి కాలేజీ ఫీజు కట్టింది. ఆ డబ్బు బాబాయి చేతికి వెళ్ళలేదు. పోయిన వాటిలో నాకు పెద్దదిగా కనిపించేది ఇదే. పెరట్లోనే, వంటకీ స్కూలు గంటకీ మధ్య చేసుకోగల పని. పక్కింటావిడ గుండిగ మనింటికి, మన చట్రం వాళ్ళింటికి తిరిగే పని.

ఆ పని పోవడం వల్ల లాభం లేదనను. నాఫ్తాల్ రోజుల్లో పిన్ని గోళ్ళు వారం పాటు గోధుమరంగులో ఉండేవి. చేతులకి తొడుగులు ఎవరికీ తెలియదు. మైనం పొగకి రాత్రిళ్ళు దగ్గేది. రంగునీళ్ళు వదిలిన కాలవ పక్కన మందారం మోడైపోయింది. ఇలాంటి, అజో అనే జాతి రంగుల్లో కొన్నిటిని 1994లో జర్మనీ నిషేధించింది, తరువాత మన ప్రభుత్వమూ. ఆ వార్త చదివిన రోజు, ఆ ఎరుపు తొట్టి చుట్టూ చేరిన పిల్లలందర్నీ తలుచుకున్నాను. అచ్చుపడ్డ పగుళ్ళ నైటీ ఎవరి ఊపిరితిత్తుల మీద తయారవుతోందో నాకు తెలియదు గాని, కనీసం మా పిన్ని ఊపిరితిత్తుల మీద కాదు.

అయితే ఆ పని ఆగిపోవడానికి ఇది కారణం కాదు. మిల్లులు పగుళ్ళని అచ్చు వెయ్యడం నేర్చుకున్నాయి. నాలుగు రోజులు పట్టే చీరకి, నాలుగు నిమిషాల్లో వచ్చే చీరకి తేడా కొనేవాళ్ళు కనిపెట్టలేకపోయారు. కిరసనాయిలు దొరకడం తగ్గింది, పెరళ్ళలో గదులు వేశారు. జావాలో అచ్చు బాతిక్ కూడా ఉంది, చేతి బాతిక్ కూడా ఉంది. యునెస్కో 2009లో వాళ్ళ బాతిక్‌ని మానవాళి వారసత్వం జాబితాలో చేర్చింది. అక్కడ దాన్ని కట్టుకుని ఆఫీసులకి వెళ్తారు. ఇక్కడ మనం దాన్ని కాలక్షేపంగానే తెచ్చుకున్నాం, కాలక్షేపంగానే వదిలేశాం.

* * *

మా అమ్మాయి హైదరాబాదులో శని, ఆదివారాల బాతిక్ క్లాసుకి వెళ్ళింది. కరెంటు కుండలో సోయా మైనం, విషం లేదని చెప్పిన రంగులు, గాజుగ్లాసుల్లో కాఫీ. చేసిన రుమాలు తెచ్చి చిన్నమ్మమ్మకి చూపించింది. పిన్నికి ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు. రుమాలు ముందు వైపు చూడనేలేదు. తిరగేసి కిటికీకి పట్టుకుంది.

"చల్లారిన మైనంతో వేశావు. ఆకు దగ్గర వెనక్కి దిగలేదు."

"అది సోయా అమ్మమ్మా, తక్కువ వేడికే కరుగుతుంది."

"కరుగుతుంది, పట్టుకోదు. పావు వంతు తేనె మైనం కలపమను మీ టీచర్ని."

అమ్మాయి ఫోన్లో వెతికింది. దొరికింది. ధర చదివింది. పిన్ని రెండోసారి అడిగి మరీ విన్నది.

"అర కిలోకా? కిలోకా?"

"వంద గ్రాములకి."

"అయితే పారఫిన్‌తో కానియ్యి," అంది పిన్ని, "పగుళ్ళయినా వస్తాయి."